మెయిన్ ఫోన్ రూట్ చేయొచ్చా? యూపీఐ, బ్యాంకు యాప్‌లు వాడేవాళ్లు చెప్పండి

విభాగం: ఆండ్రాయిడ్ – హైదరాబాద్ సభ్యులు

ఎస్సార్‌నగర్_హాస్టల్
శనివారం, రాత్రి 9:12

అందరికీ నమస్తే. పోయిన నెలతో వారంటీ అయిపోయింది, ఇప్పుడైనా ఫోన్ రూట్ చేద్దామని (అంటే ఫోన్ మీద పూర్తి అధికారం తెచ్చుకుందామని) చూస్తున్నా. ఆండ్రాయిడ్ 13తో వచ్చిన ఫోన్, కంపెనీ పేరు ఎందుకులే. నాకు కావాల్సినవి నాలుగే. కంపెనీవాళ్లు నింపి ఇచ్చిన యాప్‌లు, లాక్ స్క్రీన్ మీద ప్రకటనలు పోవాలి. కాల్ రికార్డ్ నొక్కగానే అవతలివాళ్లకి వినపడేలా ఒకావిడ ప్రకటన చేస్తుంది చూడండి, అది ఆగాలి. ఛార్జింగ్ 80 దగ్గర ఆగాలి. యాప్‌ల డేటాతో సహా పూర్తి బ్యాకప్ కావాలి.

ఇబ్బందల్లా ఇదే ఫోన్‌లో యూపీఐ, రెండు బ్యాంకు యాప్‌లు, ఆఫీసు మెయిల్ ఉండటం. రూమ్‌లో ఒకడు ‘ఏం కాదు, చెయ్’ అంటాడు, ఇంకొకడు ‘ఫోన్ చచ్చిపోద్ది’ అంటాడు. ఎందుకో మాత్రం ఇద్దరూ చెప్పరు. కారణాలతో చెప్పేవాళ్లు కావాలి.

మిడో_అభిమాని
శనివారం, రాత్రి 9:31

చెయ్యి తమ్ముడూ. నేను రెడ్‌మి నోట్ 4 కాలం మనిషిని, పేరు చూస్తే తెలుస్తుందిగా. ఆ ఫోన్ కోడ్‌నేమే మిడో. 2016 చివర్లో సైనోజెన్‌మాడ్ మూతపడి లీనియేజ్ (కంపెనీ ఆండ్రాయిడ్ బదులు వేసుకునే ఆండ్రాయిడ్) మొదలైన రోజుల నుంచి చూస్తున్నా. డబ్బులు పెట్టి కొన్న ఫోన్‌లో ఏ యాప్ ఉండాలో మనం చెప్పలేకపోతే అది మన ఫోన్ ఎట్లా అవుద్ది? టైటానియం బ్యాకప్‌తో మొత్తం యాప్‌లు డేటాతో సహా తీసి, కొత్త రామ్ (ROM, అంటే ఫోన్ సాఫ్ట్‌వేర్) వేసి, అరగంటలో ఎక్కడివక్కడ పెట్టేవాళ్లం. ఆ సుఖం రూట్ లేని ఫోన్‌లో ఇప్పటికీ లేదు.

ఇప్పుడైతే ఇంకా తేలిక. రూట్ చేసే టూల్ మ్యాజిస్క్ సిస్టమ్ విభాగాన్ని ముట్టుకోదు, బూట్ ఇమేజ్‌ని (ఫోన్ ఆన్ అయ్యేటప్పుడు వాడే ఫైల్) మాత్రమే మారుస్తుంది. వద్దనుకుంటే అసలు బూట్ ఇమేజ్ తిరిగి ఫ్లాష్ చేస్తే (ఫోన్‌లోకి ఎక్కిస్తే) రూట్ పోతుంది.

గచ్చిబౌలి_నైట్‌షిఫ్ట్
శనివారం, రాత్రి 10:05

మిడో అన్నా, రూట్ పోతుంది, నిజమే. బూట్‌లోడర్ (ఫోన్‌లో ఏ సాఫ్ట్‌వేర్ నడవాలో చూసే కాపలా) అన్‌లాక్ పోదు కదా. ఇప్పటి గొడవంతా అక్కడే ఉంది.

నా పని పేమెంట్ యాప్‌ల టెస్టింగ్. కొంచెం వివరంగా రాస్తా. ఒకప్పుడు యాప్‌లు ఏం చేసేవంటే, ఫోన్‌లో ‘ఎస్‌యూ’ అనే ఫైల్ ఉందా, మ్యాజిస్క్ యాప్ ఉందా అని వెతికేవి. దాచిపెడితే సరిపోయేది. తర్వాత ఫోన్‌ని మార్చారా అని చెక్ చేసే గూగుల్ సేఫ్టీనెట్ వచ్చింది, దాని స్థానంలో ప్లే ఇంటెగ్రిటీ వచ్చింది. ఇందులో మూడు మెట్లు ఉంటాయి: బేసిక్, డివైస్, స్ట్రాంగ్. ఏ మెట్టు అడగాలో యాప్ చేసినవాళ్ల ఇష్టం.

2025 మే నుంచి ఆండ్రాయిడ్ 13, ఆపై ఫోన్లలో డివైస్ మెట్టు దాటాలన్నా హార్డ్‌వేర్ సాక్ష్యం కావాలి. అంటే ‘బూట్‌లోడర్ లాక్ అయి ఉందా?’ అనే ప్రశ్నకి జవాబు ఆండ్రాయిడ్ ఇవ్వదు, ప్రాసెసర్‌లో వేరుగా ఉండే భద్రమైన భాగం సంతకం పెట్టి ఇస్తుంది. రూట్ యాప్‌కి ఆ సంతకం మార్చే అధికారం లేదు. కాబట్టి రూట్ చేయకుండా ఊరికే అన్‌లాక్ చేసి వదిలేసినా డివైస్ మెట్టు దగ్గరే ఆగిపోతావు. నీది ఆండ్రాయిడ్ 13 ఫోన్ అన్నావు కాబట్టి ఇది నీకు నేరుగా వర్తిస్తుంది.

ఆఫీసు మెయిల్ సంగతి ఇంకా సూటిగా ఉంటుంది. కంపెనీ పోర్టల్ ద్వారా మెయిల్ పెట్టుకున్న చోట, రూట్ అయిన ఫోన్‌ని నిరోధించే సెట్టింగ్ ఐటీవాళ్ల చేతిలో ఉంటుంది. అది ఆన్‌లో ఉంటే మెయిల్, టీమ్స్ రెండూ ఆగుతాయి. పైగా ఐటీ నుంచి ఒక టికెట్ వస్తుంది, దానికి జవాబు రాసుకోవాలి.

కూకట్‌పల్లి_గేమర్
శనివారం, రాత్రి 10:22

ఊరికే భయపెట్టకండి బ్రో. నా ఫోన్ రూట్‌లోనే ఉంది, యూపీఐ పని చేస్తోంది, బ్యాంకు యాప్ పని చేస్తోంది. మ్యాజిస్క్‌లో జైజిస్క్ ఆన్ చేసి, డినైలిస్ట్‌లో (రూట్ కనపడకూడని యాప్‌ల జాబితా) యాప్‌లు పెట్టి, ఇంటెగ్రిటీ ఫిక్స్ మాడ్యూల్, ఒక కీబాక్స్. అంతే. మూడు మెట్లూ పచ్చగా వస్తున్నాయి.

గచ్చిబౌలి_నైట్‌షిఫ్ట్
శనివారం, రాత్రి 10:40

కీబాక్స్ ఎక్కడిది?

కూకట్‌పల్లి_గేమర్
శనివారం, రాత్రి 10:43

టెలిగ్రామ్ గ్రూప్. అప్పుడప్పుడు పోతుంది, మళ్లీ కొత్తది వేస్తారు.

గచ్చిబౌలి_నైట్‌షిఫ్ట్
శనివారం, రాత్రి 11:02

అదే చెప్పేది. కీబాక్స్ అంటే ఏదో ఒక ఫోన్ తయారీదారు దగ్గర నుంచి బయటికి పొక్కిన తాళాల ఫైల్. నీ ఫోన్ ‘నేను ఆ ఫోన్‌ని’ అని ఆ తాళంతో సంతకం పెడుతోంది. గూగుల్‌కి తెలిసిన రోజు దాన్ని రద్దు చేస్తారు. అప్పటివరకు నడుస్తుంది, ఆ పూట నుంచి నడవదు. అది నెల మొదటి తారీఖు కావచ్చు, అద్దె కట్టే పూట కావచ్చు.

ఇంకో మాట. బ్యాంకు యాప్ తెరుచుకోవడం కోసం, ఎవరు రాశారో తెలియని మాడ్యూల్‌కి ఫోన్ మీద పూర్తి అధికారం ఇస్తున్నాం. అది సూపర్ యూజర్‌గా నడుస్తుంది. నాకు అసలు రూట్ కంటే ఇదే ఎక్కువ టెన్షన్.

హాస్టల్ తమ్ముడికి అర్థమయ్యేలా చెప్తా: ఆండ్రాయిడ్‌లో ఒక్కో యాప్ ఒక్కో గదిలో ఉంటుంది, పక్క గదిలోకి తొంగి చూడలేదు. రూట్ అంటే వార్డెన్ దగ్గరుండే తాళాల గుత్తి. గుత్తి నీ దగ్గరుండటం తప్పు కాదు, దాన్ని ఎవరెవరికి ఇస్తున్నావన్నదే లెక్క.

మిడో_అభిమాని
ఆదివారం, ఉదయం 7:48

తమ్ముడూ, ఒక్క మాట అడుగుతా, కోపం తెచ్చుకోకు. మూడేళ్లుగా సెక్యూరిటీ ప్యాచ్ రాని పాత ఫోన్‌లో బ్యాంకు యాప్ చక్కగా తెరుచుకుంటుంది. అదే ఫోన్‌లో లీనియేజ్ వేసి ఈ నెల ప్యాచ్ పెట్టుకుంటే ‘మీ ఫోన్ సురక్షితం కాదు’ అంటుంది. ఇందులో ఏది సురక్షితం?

గచ్చిబౌలి_నైట్‌షిఫ్ట్
ఆదివారం, మధ్యాహ్నం 12:15

మీరన్నది సరైన పాయింటే అన్నా, మా టీంలోనూ దీని మీద వాదించుకుంటాం. ఇంటెగ్రిటీ చూసేది ‘కంపెనీ ఇచ్చిన సాఫ్ట్‌వేరే నడుస్తోందా’ అని. ‘ఈ సాఫ్ట్‌వేర్‌లో కన్నాలు ఉన్నాయా’ అని చూసేది కాదు. అయితే కొత్త నియమంలో ఆండ్రాయిడ్ 13, ఆపైవాటికి స్ట్రాంగ్ మెట్టు రావాలంటే ఏడాది లోపు ప్యాచ్ ఉండాలి. ఆ మేరకు బిగించారు. పాత వెర్షన్‌లకి మాత్రం మీరు చెప్పిన వింత అలాగే ఉంది.

యాప్‌ల లాజిక్ అన్యాయమే అనుకుందాం. కిరాణా కొట్టు ముందు నిలబడినప్పుడు ఆ వాదన పనికిరాదు కదా.

కోఠి_బుక్స్
ఆదివారం, మధ్యాహ్నం 1:30

దాని మీద నాకు గట్టి అనుభవం ఉంది. నేను రూట్ చేయలేదు, రూట్ అంటే ఏంటో కూడా అప్పుడు తెలియదు. ఒక సెకండ్ హ్యాండ్ షాపులో మంచి కండిషన్ ఫోన్ అని కొన్నా. షాపు పేరు వద్దు. ఆన్ చేస్తే కంపెనీ బొమ్మ ముందు నల్ల తెర మీద ఏదో ఇంగ్లిష్ వాక్యం, ఐదు సెకన్లు ఉండి పోయేది. ఫోన్లన్నీ అంతేనేమో అనుకున్నా.

రెండో రోజే బ్యాంకు యాప్ తెరిచీ తెరవగానే మూసుకుపోవడం మొదలైంది. మా కొట్టులో స్పీకర్ బాక్స్ దాని సిమ్‌తో అది ‘రూపాయలు అందాయి’ అని చెప్తూనే ఉంది, డబ్బులు వస్తూనే ఉన్నాయి. కానీ గైడ్ల హోల్‌సేల్ ఆయనకి నేను కట్టాలంటే ఫోన్‌లో దారి లేదు. బడులు తెరిచే సీజన్. ఆయన కొట్టు ముందు ఆటో ఆపి, కట్టలు ఎక్కించి, డబ్బులు వచ్చేదాకా పోనివ్వనని నిలబడ్డాడు. మా బామ్మర్ది ఫోన్‌తో కట్టించా. షాపువాణ్ణి అడిగితే ‘సాఫ్ట్‌వేర్ కొడితే సరిపోద్ది భయ్యా’ అని దానికి వేరే డబ్బులు అడిగాడు.

టెస్ట్‌పాయింట్_అన్న
ఆదివారం, మధ్యాహ్నం 3:05

అన్నా, మీరు చూసిన నల్ల తెర బూట్‌లోడర్ అన్‌లాక్ హెచ్చరిక. పాత ఓనర్ అన్‌లాక్ చేసి, రామ్ మార్చి అమ్మేశాడు. ఆబిడ్స్ జగదీష్ మార్కెట్ పక్కన నాది చిన్న కౌంటర్, ఇలాంటివి వస్తూనే ఉంటాయి.

సెకండ్ హ్యాండ్ కొనేవాళ్లు ఇవి చూసుకోండి. షాపులోనే ఫోన్ ఆఫ్ చేసి ఆన్ చేయించండి, హెచ్చరిక వస్తే వదిలేయండి. ప్లే స్టోర్ తెరిచి సెట్టింగ్స్‌లో ‘అబౌట్’ కింద ప్లే ప్రొటెక్ట్ సర్టిఫికేషన్ చూడండి, సర్టిఫై అయిందని ఉండాలి. సామ్‌సంగ్ అయితే డౌన్‌లోడ్ మోడ్‌లోకి తీసుకెళ్లి నాక్స్ వారంటీ దగ్గర సున్నా ఉందా చూడండి. అది 1 అయితే చిప్‌లో ఫ్యూజ్ ఎగిరిపోయినట్టు. మళ్లీ స్టాక్ సాఫ్ట్‌వేర్ కొట్టినా, ఎంత డబ్బు పెట్టినా అది సున్నాకి రాదు. సెక్యూర్ ఫోల్డర్ ఇక పని చేయదు. ఎవరైనా ‘నాక్స్ సరిచేస్తాం’ అంటే నమ్మొద్దు.

ఇక రూట్ సంగతి. రూట్ వల్ల ఫోన్లు చావడం తక్కువ తమ్ముడూ. రూట్ తీసేద్దామని చేసేటప్పుడు చచ్చేవి ఎక్కువ. ఎలాగంటే, షావోమీ ఫోన్లకి వాడే ఫ్లాష్ టూల్‌లో కింద మూడు ఆప్షన్లు ఉంటాయి. వాటిలో ‘క్లీన్ ఆల్ అండ్ లాక్’ ముందే ఎంచి ఉంటుంది. చైనా మార్కెట్ కోసం చేసిన ఫోన్‌లో గ్లోబల్ రామ్ వేసి ఆ ఆప్షన్ మార్చకుండా బటన్ నొక్కుతారు. టూల్ చక్కగా సక్సెస్ అంటుంది. ఫోన్ ఆన్ చేస్తే ‘ఈ వెర్షన్ ఈ ఫోన్‌లో నడవదు’ అని రికవరీలో కూర్చుంటుంది. బూట్‌లోడర్ లాక్ అయిపోయింది కాబట్టి ఫాస్ట్‌బూట్‌లో (కంప్యూటర్ నుంచి సాఫ్ట్‌వేర్ ఎక్కించే మోడ్) ఏమీ తీసుకోదు. ఇంక వెనక మూత తీసి, బోర్డు మీద రెండు చుక్కలు (టెస్ట్‌పాయింట్లు) కలిపి ఈడీఎల్ అనే ఎమర్జెన్సీ డౌన్‌లోడ్ మోడ్‌లోకి తేవాలి. చాలా మోడళ్లకి దానికి కంపెనీ అనుమతి ఉన్న ఖాతా కూడా కావాలి. నా పేరు అక్కడి నుంచి వచ్చిందే.

మ్యాజిస్క్ ఉన్న ఫోన్‌ని అలాగే రీలాక్ చేసేవాళ్లు ఇంకొందరు. మార్చిన బూట్ ఇమేజ్‌ని లాక్ అయిన బూట్‌లోడర్ ఒప్పుకోదు, ఫోన్ పైకి లేవదు.

ఎస్సార్‌నగర్_హాస్టల్
ఆదివారం, సాయంత్రం 5:20

అన్నా, మరి సరిగ్గా చేస్తే ఎలా చేయాలి? యూట్యూబ్‌లో ‘కంప్యూటర్ లేకుండా ఒక్క క్లిక్‌తో రూట్’ అని తెలుగులోనే బోలెడు వీడియోలు ఉన్నాయి.

టెస్ట్‌పాయింట్_అన్న
ఆదివారం, సాయంత్రం 6:02

ఆ వీడియోల కింద ఉన్న ఏపీకే (యాప్ ఫైల్) ముట్టుకోకు. 2014 ప్రాంతంలో టవెల్‌రూట్, కింగ్‌రూట్ నడిచాయి, ఎందుకంటే అప్పటి కెర్నల్‌లో (ఆండ్రాయిడ్ గుండెకాయ లాంటిది) కన్నాలు ఉండేవి. ఇప్పటి ఫోన్లో ఒక్క క్లిక్ అనేది లేదు. పెళ్లి పత్రిక పేరుతో, ట్రాఫిక్ చలానా పేరుతో వాట్సాప్‌లో వచ్చే ఏపీకేలు ఎలా ఎస్సెమ్మెస్‌లు చదివి డబ్బులు లాగుతున్నాయో వింటూనే ఉన్నాంగా. రూట్ పేరుతో వచ్చేదీ అదే కావచ్చు. ఎవరికైనా అలా డబ్బు పోతే ముందు 1930కి ఫోన్ చేయండి, తర్వాతే మా దగ్గరికి ఫోన్ తెండి.

సరైన పద్ధతి అంటే, ముందు డెవలపర్ ఆప్షన్స్‌లో ఓఈఎం అన్‌లాకింగ్ ఆన్ చేయాలి. కొన్ని కంపెనీలు వెంటనే ఇస్తాయి, పిక్సెల్ అలాంటిదే. షావోమీలో ఖాతా కలిపి 168 గంటలు ఆగాలి అనేవాళ్లు, హైపర్‌ఓఎస్ వచ్చాక అనుమతి ఇంకా కష్టం చేశారు. హువావే అయితే 2018లోనే కోడ్‌లు ఇవ్వడం ఆపేసింది. ఏ ఫోనైనా అన్‌లాక్ నొక్కిన క్షణం లోపలున్న డేటా మొత్తం తుడిచిపెట్టుకుపోతుంది. ఇది తెలియక ఫోటోలు పోగొట్టుకుని వచ్చేవాళ్లని చూస్తే బాధేస్తుంది. ఇప్పటి ఫోన్లలో డేటా ఎన్‌క్రిప్ట్ అయి ఉంటుంది, చిప్ ఊడదీసి చదివినా ఏమీ రాదు.

తర్వాత నీ ఫోన్‌లో ఇప్పుడు ఏ బిల్డ్ నంబర్ ఉందో అచ్చంగా అదే నంబర్ ఉన్న ఫర్మ్‌వేర్ (కంపెనీ సాఫ్ట్‌వేర్) దించుకోవాలి. ఒక్క అంకె తేడా ఉన్నా వద్దు. అందులోంచి బూట్ ఇమేజ్ తీయాలి. ఆండ్రాయిడ్ 13తో పుట్టిన ఫోన్లలో ఇనిట్‌_బూట్ అని వేరే ఇమేజ్ ఉంటుంది, నీకు అదే కావాల్సి రావచ్చు. దాన్ని మ్యాజిస్క్ యాప్‌లో ప్యాచ్ చేసి, కంప్యూటర్ నుంచి ఫాస్ట్‌బూట్‌లో ఫ్లాష్ చేయాలి. అసలు ఇమేజ్‌ని ఫోన్‌లో కాదు, కంప్యూటర్‌లో దాచుకోవాలి. బూట్‌లూప్ పడితే (ఫోన్ మళ్లీ మళ్లీ రీస్టార్ట్ అవుతుంటే) దాన్నే తిరిగి కొడతావు, ఐదు నిమిషాల పని. ఫోన్‌లోనే దాచి బూట్‌లూప్‌లో ఇరుక్కున్నవాళ్లు మా కౌంటర్‌కి చార్జర్‌తో సహా వస్తారు.

మ్యాజిస్క్ రాగానే, ఈఎఫ్ఎస్ (మోడెం డేటా ఉండే చోటు), పర్సిస్ట్ విభాగాల కాపీ ఒకటి తీసి పెట్టుకో. ఈఎఫ్ఎస్ పాడైతే ఐఎంఈఐ (ఫోన్ గుర్తింపు నంబర్) పోతుంది, సిమ్ ఉన్నా సిగ్నల్ రాదు.

కూకట్‌పల్లి_గేమర్
ఆదివారం, సాయంత్రం 6:10

ఐఎంఈఐ ఎలాగూ మార్చుకోవచ్చు కదా అన్నా రూట్ ఉంటే? ఒక టూల్ ఉంది, లింక్ ఇస్తా [లింక్ తొలగించబడింది]

నిర్వాహకుడు
ఆదివారం, సాయంత్రం 6:31

లింక్ తీసేశాను. సొంత ఫోన్ రూట్ చేసుకోవడం నేరం కాదు, దాని గురించి ఎంతైనా మాట్లాడుకోండి. ఐఎంఈఐ మార్చడం మాత్రం టెలికమ్యూనికేషన్స్ చట్టం 2023 ప్రకారం నేరం: మూడేళ్ల వరకు జైలు, 50 లక్షల వరకు జరిమానా, లేదా రెండూ. ఆ టాపిక్ ఇక్కడ వద్దు.

తార్నాక_టీచర్
ఆదివారం, రాత్రి 8:45

ఎస్సార్‌నగర్ అబ్బాయ్, నువ్వు మొదట అడిగిన నాలుగింటినీ ఎవరూ పట్టించుకున్నట్టు లేదు. అందరూ రూట్ గురించి మాట్లాడుతున్నారు, నీ అవసరాల గురించి కాదు. వాటిలో సగానికి రూట్ అక్కర్లేదు.

కంపెనీ యాప్‌లు: ఏడీబీ (కంప్యూటర్ నుంచి ఫోన్‌కి ఆదేశాలిచ్చే టూల్) చాలు. సెట్టింగ్స్‌లో బిల్డ్ నంబర్ మీద ఏడుసార్లు నొక్కితే డెవలపర్ ఆప్షన్స్ వస్తాయి, అందులో యూఎస్‌బీ డీబగ్గింగ్ ఆన్ చెయ్. కంప్యూటర్‌కి కలిపి, ఏడీబీ షెల్‌లో ‘పీఎం అన్‌ఇన్‌స్టాల్’ ఆదేశానికి ‘యూజర్ 0’ అని చేర్చి యాప్ ప్యాకేజీ పేరు ఇస్తే ఆ యాప్ నీకు కనపడదు, నడవదు. అసలు ఫైల్ సిస్టమ్‌లో అలాగే ఉంటుంది కాబట్టి తిరిగి కావాలంటే ‘ఇన్‌స్టాల్ ఎగ్జిస్టింగ్’ ఆదేశంతో తెచ్చుకోవచ్చు. బూట్‌లోడర్ లాక్‌లోనే ఉంటుంది, బ్యాంకుకి ఏ అభ్యంతరమూ ఉండదు. పని అయ్యాక డీబగ్గింగ్ ఆఫ్ చెయ్, కొన్ని బ్యాంకు యాప్‌లు అది ఆన్‌లో ఉన్నా గొణుగుతాయి. ఒక్క జాగ్రత్త: పేరు తెలియని ప్యాకేజీ తీయకు. కొన్ని మోడళ్లలో సెక్యూరిటీ యాప్, ఫైండ్ డివైస్ తీసేస్తే ఫోన్ బూట్‌లూప్‌లో పడుతుంది.

ప్రకటనలు: లాక్ స్క్రీన్ మీదవి చాలావరకు ఆ వాల్‌పేపర్ యాప్ పుణ్యమే. అది పోతే అవీ పోతాయి. బ్రౌజర్‌లో, ఆటల్లో వచ్చేవాటికి ప్రైవేట్ డీఎన్ఎస్ ఉంది, ఆండ్రాయిడ్ 9 నుంచి అందరికీ ఉంది. అక్కడ యాడ్‌గార్డ్ డీఎన్ఎస్ పేరు పెట్టుకో. యూట్యూబ్ ప్రకటనలు మాత్రం దానితో పోవు, ఆశ పెట్టుకోకు.

80 శాతం: నీ ఫోన్ బ్యాటరీ సెట్టింగ్స్ ఒకసారి వెతుకు. ఈ మధ్య చాలా కంపెనీలు ఇస్తున్నాయి. లేకపోతే దానికి రూట్ కావాల్సిందే, ఏసీసీ అనే మాడ్యూల్ ఆ పని చేస్తుంది.

కాల్ రికార్డింగ్, పూర్తి బ్యాకప్ ఈ రెండింటికీ నిజంగా రూట్ కావాలి. 2022 మే 11 నుంచి యాక్సెసిబిలిటీ దారిలో కాల్స్ రికార్డ్ చేసే యాప్‌లని గూగుల్ ప్లే స్టోర్‌లో ఆపేసింది. రూట్ ఉంటే బీసీఆర్ మాడ్యూల్ చప్పుడు లేకుండా రికార్డ్ చేస్తుంది, చాలా బాగా చేస్తుంది. అయితే ఆ ఒక్క దాని కోసం ఆఫీసు మెయిల్, యూపీఐ వదులుకుంటావా అన్నది నీ లెక్క.

మిడో_అభిమాని
ఆదివారం, రాత్రి 9:10

మేడం, మీరు రూట్ వ్యతిరేకులా?

తార్నాక_టీచర్
ఆదివారం, రాత్రి 9:26

అయ్యో, లేదండీ. మా ఇంట్లో పాత ఫోన్ ఒకటి రూట్‌లోనే ఉంది. సిమ్ లేదు, బ్యాంకు లేదు, మా అమ్మాయి చదువుకి, పాటలకి వాడుతుంది. ప్రకటనలు ఆపడానికి యాడ్అవే పెట్టాను, రాత్రి పదికి ఆటల యాప్‌లు ఆగిపోయేలా స్క్రిప్ట్ రాశాను. తను ఆ స్క్రిప్ట్‌ని ఆపే దారి కనిపెట్టేసింది, అది వేరే కథ! కంప్యూటర్ సైన్స్ చెప్పేదాన్ని కాబట్టి కోప్పడలేకపోయాను.

జీతం వచ్చే ఖాతా ఉన్న ఫోన్ రూట్ చేయొద్దంటాను. మిగతా ఫోన్లతో మీ ఇష్టం.

మిడో_అభిమాని
ఆదివారం, రాత్రి 9:40

రెండు ఫోన్లు జేబులో పెట్టుకుని తిరగమంటారా? అందరి దగ్గరా రెండో ఫోన్ ఉండదు కదా మేడం. సైట్ పని చేసేవాళ్లు, డెలివరీ కుర్రాళ్లు పాత ఫోన్‌నే ఇంకో రెండేళ్లు లాగాలని చూస్తారు. వాళ్లకి లీనియేజ్ పనికొస్తుంది. అలాంటివాళ్లకే యూపీఐ ముఖ్యం. వాళ్లకే తలుపు మూశారు.

గచ్చిబౌలి_నైట్‌షిఫ్ట్
ఆదివారం, రాత్రి 10:15

దీనికి నా దగ్గర జవాబు లేదు అన్నా. ఒప్పుకుంటున్నా.

హాస్టల్ తమ్ముడికి ఇంకో సంగతి, ఇందాక మర్చిపోయా. రూట్ ఒక సాయంత్రం పని కాదు. ప్రతి అప్‌డేట్‌కీ ఆ పని మళ్లీ ఉంటుంది. మామూలుగా వచ్చే అప్‌డేట్ మారిన బూట్ ఇమేజ్‌ని చూసి ఫెయిల్ అవుతుంది. రెండు స్లాట్ల (సిస్టమ్‌కి రెండు చోట్లు ఉండే) ఫోన్లలో ముందు మ్యాజిస్క్‌లో అసలు ఇమేజ్ పునరుద్ధరించి, అప్‌డేట్ దించి, రీస్టార్ట్ నొక్కకుండా మళ్లీ మ్యాజిస్క్‌కి వెళ్లి రెండో స్లాట్‌లో వేయాలి. ఆ వరుస తప్పితే రూట్ పోతుంది లేదా బూట్‌లూప్. మొదటి రెండు నెలలు సరదాగా చేస్తారు. తర్వాత ఆటో అప్‌డేట్ ఆపేస్తారు. అలా ఏడాది పాత ప్యాచ్ మీద, పైన రూట్‌తో తిరుగుతుంటారు. అసలు ప్రమాదం అప్పుడు మొదలవుతుంది.

సినిమాలు ఫోన్‌లో చూస్తావా? కొన్ని ఫోన్లు అన్‌లాక్ చేయగానే వైడ్‌వైన్ (ఓటీటీ వీడియోలకి ఉండే కాపీ రక్షణ) ఎల్1 నుంచి ఎల్3కి పడిపోతాయి. అప్పుడు ఓటీటీలు హెచ్‌డీ ఇవ్వవు, 480 దగ్గరే ఆగిపోతుంది.

కూకట్‌పల్లి_గేమర్
ఆదివారం, రాత్రి 10:21

ఓటీటీ పాయింట్ నిజమే బ్రో, నాది ఎల్3నే. నేను టీవీలో చూస్తా కాబట్టి పట్టించుకోలా. కానీ కెర్నల్ మార్చి ప్రాసెసర్ వేగం సెట్ చేసుకున్నాక ఫోన్ వేడెక్కడం తగ్గింది, ఆటలో ఫ్రేములు పడిపోవట్లేదు. ఆ తేడా మాత్రం వాడినవాళ్లకే తెలుసు. నేను వెనక్కి వెళ్లను.

కోఠి_బుక్స్
ఆదివారం, రాత్రి 10:50

టెస్ట్‌పాయింట్ అన్నా, నా ఫోన్ సంగతి ఏం చేయమంటావ్? మళ్లీ లాక్ చేయొచ్చా?

టెస్ట్‌పాయింట్_అన్న
సోమవారం, ఉదయం 10:35

ఆ మోడల్ ఇండియా మార్కెట్‌దేనా అన్నది ముందు తేలాలి. పెట్టె ఉంటే దాని మీద, లేకపోతే ఫాస్ట్‌బూట్‌లో తెలుస్తుంది. ఇండియాదే అయితే దాని అధికారిక ఇండియా ఫర్మ్‌వేర్ మొత్తం వేసి, లాక్ చేయకుండా ఒకసారి ఆన్ చేసి చూసి, అన్నీ బాగుంటే అప్పుడు లాక్ చేయాలి. బ్యాంకు యాప్‌లు మామూలుగా తెరుచుకుంటాయి. వేరే దేశానిది అయితే లాక్ మాట ఎత్తొద్దు. ఫోటోలు, కాంటాక్టులు తీసి పెట్టుకుని మధ్యాహ్నం పూట రండి, సాయంత్రాలు రద్దీగా ఉంటుంది.

ఎస్సార్‌నగర్_హాస్టల్
సోమవారం, రాత్రి 9:05

అందరికీ థాంక్స్. నిన్న రాత్రే టీచర్ మేడం చెప్పినట్టు ఏడీబీతో మొదలుపెట్టా. వాల్‌పేపర్ యాప్, బ్రౌజర్, ఆటల దుకాణం, వీడియో యాప్ అన్నీ తీసేశా. లాక్ స్క్రీన్ ఖాళీగా ఉంది! 80 శాతం ఆప్షన్ మా ఫోన్‌లో ‘బ్యాటరీ ప్రొటెక్షన్’ అని లోపలెక్కడో ఉంది, ఇన్నాళ్లూ చూడలేదు. యూపీఐ, మెయిల్ మామూలుగా నడుస్తున్నాయి. మెయిన్ ఫోన్‌ని అలాగే వదిలేస్తున్నా.

కానీ చెయ్యి ఊరుకోవట్లేదు. ఊళ్లో అన్నయ్య వాడి వదిలేసిన పోకో ఎఫ్1 ఒకటి నా ట్రంకు పెట్టెలో ఉంది. సిమ్ వేయను. దాన్ని రూట్ చేసుకోవచ్చా?

మిడో_అభిమాని
సోమవారం, రాత్రి 9:08

బెరిలియం! ఎఫ్1 కోడ్‌నేమ్ అదే. తమ్ముడూ, ఇంత బంగారం పెట్టెలో పెట్టుకుని రెండు రోజుల నుంచి ఏం అడుగుతున్నావు? స్నాప్‌డ్రాగన్ 845. 2018 ఫోనే, కంపెనీ ఆండ్రాయిడ్ 10 దగ్గర ఆపేసింది, జనాలు ఆపలేదు. దానికున్నన్ని రామ్‌లు ఇంకో ఫోన్‌కి చూడలేదు నేను. కాల్ రికార్డింగ్ మోజు కూడా తీర్చుకోవచ్చు, సిమ్ ఒక్కరోజు మార్చి చూడు.

కూకట్‌పల్లి_గేమర్
సోమవారం, రాత్రి 9:11

అమ్ముతావా బ్రో? క్యాష్.

టెస్ట్‌పాయింట్_అన్న
సోమవారం, రాత్రి 9:30

ఆగండాగండి. ఎన్నాళ్ల నుంచి పెట్టెలో ఉంది? వెనక మూత సమంగా ఉందా, మధ్యలో లేచిందా చూడు. స్క్రీన్ అంచులో సందు కనిపిస్తోందా?

ఎస్సార్‌నగర్_హాస్టల్
సోమవారం, రాత్రి 9:44

మూత ఒక పక్క కొంచెం లేచింది అన్నా. టేబుల్ మీద పెడితే ఊగుతోంది.

టెస్ట్‌పాయింట్_అన్న
సోమవారం, రాత్రి 9:47

బ్యాటరీ ఉబ్బింది. ఛార్జింగ్ పెట్టకు, మూత నొక్కకు, పెట్టెలో బట్టల మధ్య అసలు పెట్టకు. రేపే తెచ్చి బ్యాటరీ మార్పించు. అన్‌లాక్, రికవరీ, రామ్ అన్నీ తర్వాత. ఫ్లాష్ మధ్యలో ఫోన్ ఆఫ్ అయితే అది మళ్లీ వేరే ఖర్చు.

నిర్వాహకుడు
సోమవారం, రాత్రి 10:20

పోకో ఎఫ్1 గురించి కస్టమ్ రామ్ విభాగంలో కొత్త టాపిక్ తెరవండి, బ్యాటరీ మార్చాక. గేమర్ గారూ, కొనుగోళ్లకి వేరే విభాగం ఉంది.